హాలోవీన్ సాయంత్రానికి చేతి అలంకరణలు, ఓవెన్ చికెన్ వింగ్స్: సమగ్ర మార్గదర్శి

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు హాలోవీన్ (పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ క్యాండీకి తిరిగే పండగ) నెల అక్టోబరు వచ్చిందంటే రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. చెక్కిన గుమ్మడికాయ మూడో రోజుకే ఎందుకు బూజు పడుతోంది? ఇంట్లో చేసిన వింగ్స్ కరకరలాడకుండా ఎందుకు మెత్తబడుతున్నాయి?

రెండింటికీ జవాబు ఒకటే: తడి. గుమ్మడికాయ లోపలి తడి, సగం ఆరిన గుడ్డ దెయ్యం, కోడి రెక్కల తోలు మీద మిగిలిన నీళ్లు. ఆరడానికి టైమ్ ఇవ్వకపోతే ఎంత మంచి సామాను కొన్నా ఫలితం ఉండదు. అందుకే ఇందులో ఏం చేయాలన్నదానికంటే ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే ఎక్కువ చెబుతున్నాను.

కొలతలు ఆరుగురు పెద్దలు, నలుగురు పిల్లలున్న ఇంటికి సరిపోతాయి. అమెరికా ఓవెన్లకు తగ్గట్టు వేడి ఫారన్‌హీట్‌లో ఇచ్చాను, పక్కనే సెల్సియస్ కూడా ఉంది.

## 1. ముందు క్యాలెండర్ చూడండి

హాలోవీన్ ఎప్పుడూ అక్టోబరు 31నే. మన తిథులు మాత్రం ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. 2024లో సరిగ్గా అదే రోజు దీపావళి వచ్చింది. 2025లో హాలోవీన్ నాటికి కార్తీకమాసం నడుస్తోంది, చాలా ఇళ్లలో మాంసం లేదు. 2026లో దీపావళి నవంబరు 8న కాబట్టి కార్తీకం అడ్డు రాదు, కానీ అక్టోబరు 31 శనివారం. శనివారం నీచు ముట్టనివాళ్లు మీ అతిథుల్లో ఉంటారు.

కాబట్టి చికెన్ కొనకముందే అందరికీ ఒక మెసేజ్ పెట్టండి: ఎవరు తింటారు, ఎవరు తినరు, పిల్లల్లో ఎవరికైనా వేరుశనగ, బాదం, పాలు పడవా. ఈ లెక్క తేలితేనే తర్వాతి కొలతలకు అర్థం ఉంటుంది.

## 2. కొనాల్సినవి, ఇంట్లో వెతకాల్సినవి

అలంకరణలకు:

- చెక్కడానికి మధ్యస్థం సైజు గుమ్మడికాయలు 2
- గుమ్మడికాయ చెక్కే చిన్న రంపాల సెట్ (అక్టోబరులో ప్రతి సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది)
- బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ దీపాలు, ఒక ఎల్‌ఈడీ సీరియల్ లైట్ల తీగ
- స్కూల్ పిల్లలు వాడే తెల్ల జిగురు పెద్ద సీసా
- చీజ్‌క్లాత్, లేదా పాత పల్చటి నూలు గుడ్డ (బాగా నలిగిన పంచె ముక్క అయితే ఇంకా మంచిది)
- ఖాళీ గ్యాలన్ పాల డబ్బాలు 4 లేదా 5
- నల్ల చార్ట్ పేపర్, నల్ల పర్మనెంట్ మార్కర్, గోడ రంగు ఊడదీయని పెయింటర్స్ టేపు

వంటకు:

- పార్టీ వింగ్స్, అంటే కీళ్ల దగ్గర కోసి అమ్మే కోడి రెక్కల ముక్కలు, 4 పౌండ్లు (సుమారు 1.8 కిలోలు, 40 ముక్కల దాకా వస్తాయి)
- అల్యూమినియం లేని బేకింగ్ పౌడర్ 2 టేబుల్ స్పూన్లు
- ఉప్పు 1 టీస్పూన్, మిరియాల పొడి అర టీస్పూన్
- వైర్ ర్యాక్‌లు 2, అంచులున్న బేకింగ్ ట్రేలు 2, ఫాయిల్, పేపర్ టవల్ రోల్
- మాంసంలో గుచ్చి వేడి చూసే థర్మామీటర్

పాల డబ్బాలు కొనక్కర్లేదు. ఇంట్లో పెరుగు తోడేసేవాళ్లకు నెలలో అన్ని ఖాళీ డబ్బాలు ఎలాగూ పోగవుతాయి. సెప్టెంబరు నుంచే కడిగి పక్కన పెట్టుకోండి.

బేకింగ్ పౌడర్, వంట సోడా ఒకటి కావు. వింగ్స్‌కు సోడా వేస్తే చేదెక్కి సబ్బు రుచి వస్తుంది. అల్యూమినియం ఉన్న బేకింగ్ పౌడర్ అయితే నాలుకకు లోహం తగిలినట్టుంటుంది. డబ్బా మీది పదార్థాల జాబితా చదివి కొనండి.

## 3. గుమ్మడికాయ ఎంచుకోవడం

రంగు చూసి మోసపోకండి. కాయను తిరగేసి అడుగు చూడండి, నొక్కి చూడండి. ఎక్కడైనా వేలు మెత్తగా దిగితే అది అప్పటికే లోపల కుళ్లడం మొదలైంది.

- అడుగు చదునుగా ఉండాలి, కింద పెడితే ఊగకూడదు
- తొడిమ గట్టిగా, కాస్త పచ్చగా ఉండాలి
- గీతలు, పగుళ్లు ఉండకూడదు
- తొడిమ పట్టుకుని ఎత్తకూడదు. అది విరిగితే అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది

చెక్కడానికి అమ్మే పెద్ద కాయల్లో నీరెక్కువ, రుచి తక్కువ. దప్పళం పెట్టాలనుకుంటే పక్కనే ఉండే, వంటకు వాడే చిన్న ‘పై’ (pie) గుమ్మడికాయ వేరుగా కొనండి.

ఎప్పుడు చెక్కాలి? కాయను పది రోజుల ముందు కొన్నా ఫర్వాలేదు, చెక్కకుండా ఉంచితే బాగానే ఉంటుంది. చెక్కాక మాత్రం గడియారం మొదలైనట్టే. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చల్లటి చోట్ల మూడు నాలుగు రోజుల ముందు చెక్కవచ్చు. డాలస్, హ్యూస్టన్, ఫీనిక్స్‌లో ఉంటే 30వ తేదీ సాయంత్రం దాకా ఆగండి. అక్కడ అక్టోబరు చివర్లో కూడా ఎండ తగ్గదు.

## 4. చెక్కే వరుస

ఒకటి: కాయను పై నుంచి కాకుండా అడుగు నుంచి కోయండి. చాలామంది తొడిమ చుట్టూ మూత కోస్తారు. అలా చేస్తే మూత ఎండి ముడుచుకుని రెండో రోజుకు లోపలికి పడిపోతుంది. అడుగున గుండ్రంగా కోస్తే పైభాగం చెక్కుచెదరకుండా ఉంటుంది, దీపం నేల మీద పెట్టి కాయను దాని మీద బోర్లించవచ్చు. పైనే కోయాలనిపిస్తే రంపాన్ని లోపలి వైపుకు ఏటవాలుగా పట్టండి, మూత జారిపోకుండా నిలుస్తుంది. వెనకవైపు ఒక చిన్న గాటు పెడితే మూత ఎటు తిప్పి పెట్టాలో తెలుస్తుంది.

రెండు: లోపల గీకండి. గింజలు, పీచు తీసేశాక చాలామంది ఆపేస్తారు. అసలు పని అక్కడే మొదలవుతుంది. గట్టి స్టీలు గరిటెతో గోడలు గీకుతూ వెళ్లండి. మొదట పీచు తీగలుగా వస్తుంది, తర్వాత తడి తడిగా గుజ్జు, ఆ తర్వాత కొబ్బరి కోరులా పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి రాలే దశ దాకా గీకాలి. ముఖం చెక్కే వైపు గోడ ఒక అంగుళం మందం ఉంటే చాలు. అంతకంటే లావుగా ఉంటే రంపం తిరగదు, వెలుగు బయటికి రాదు. మరీ పల్చగా చేస్తే పళ్లు వంగిపోతాయి.

మూడు: బొమ్మ దించండి. కాగితం మీద ముఖం గీసి కాయకు టేపుతో అంటించండి. గీత వెంబడి గుండుసూదితో దగ్గర దగ్గరగా పొడుస్తూ పోండి. కాగితం తీసేస్తే ముగ్గు చుక్కల్లా వరుస కనిపిస్తుంది. ఈ పని పిల్లలకివ్వచ్చు, పెద్దవాళ్లు పక్కనే ఉంటే చాలు.

నాలుగు: చిన్నవి ముందు, పెద్దవి తర్వాత. ముందు కళ్లు, ముక్కు. చివర నోరు. నోరు ముందే కోస్తే కాయ బలం తగ్గి, కళ్లు కోసేటప్పుడు కింది భాగం విరుగుతుంది. రంపాన్ని నిలువుగా పైకీ కిందికీ ఆడించండి, పక్కలకు మెలిపెట్టకండి. కోసిన ముక్కను లోపలి నుంచి బయటికి వేలితో నెట్టండి. రంపం పని పెద్దలదే. వంటింటి పెద్ద కత్తితో ఈ పని చేయవద్దు, అది తడి తొక్క మీద జారి చేతి మీదికి వస్తుంది.

పన్ను విరిగిందా? టూత్‌పిక్ సగం అందులో, సగం దవడలో గుచ్చి నొక్కండి. దూరం నుంచి ఎవరికీ తెలియదు.

## 5. కాయ నాలుగు రోజులు నిలవాలంటే

1. బకెట్‌లో ఒక గ్యాలన్ (దాదాపు 3.8 లీటర్లు) నీళ్లకు ఒక టేబుల్ స్పూను బ్లీచ్ కలపండి. ఇందులో వెనిగర్ గానీ వేరే క్లీనర్ గానీ పోయకూడదు, విషవాయువు వస్తుంది.
2. ఆ నీళ్లు కాయ లోపలా, కోసిన అంచుల మీదా స్ప్రే చేయండి.
3. పేపర్ టవల్ మీద బోర్లించి రెండు గంటలు పూర్తిగా ఆరనివ్వండి.
4. కోసిన అంచులకు వేలితో వాజలీన్ పల్చగా రాయండి. అంచు ఎండి ముడుచుకోదు.
5. పగలు నీడలో ఉంచండి. రాత్రి గరాజ్‌లో పెడితే ఉడతలు కొరకవు.

వాజలీన్ రాసిన కాయలో నిజం మంట పెట్టకండి. అసలు కొవ్వొత్తే వద్దంటాను. గుమ్మం ముందు పిల్లలు పొడుగాటి నైలాన్ కాస్ట్యూమ్‌లు ఈడ్చుకుంటూ తిరుగుతారు. ఎల్‌ఈడీ దీపం వెలుతురు కాస్త తక్కువనిపిస్తే రెండు పెట్టండి.

కాయ వాడిపోయి ముఖం ముడతలు పడితే చల్లటి నీళ్లలో కొన్ని గంటలు ముంచి ఉంచండి, చాలావరకు తేరుకుంటుంది. తర్వాత మళ్లీ ఆరబెట్టడం మరచిపోవద్దు.

## 6. తనంతట తాను నిలబడే గుడ్డ దెయ్యం

ఇది రెండు రోజుల ముందే చేయాలి. ఆరడానికి నిండా 24 గంటలు కావాలి.

1. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో సగం నీళ్లు పోయండి, పడిపోకుండా. మూత మీద ఫాయిల్‌ను ఉండగా చుట్టి తల చేయండి. లావు తీగ ఒకటి మెడ చుట్టూ తిప్పి రెండు చేతులు చాపండి.
2. మొత్తానికి ప్లాస్టిక్ ర్యాప్ చుట్టండి. ఇది లేకపోతే గుడ్డ సీసాకు అతుక్కుని రాదు.
3. వెడల్పాటి గిన్నెలో జిగురు, నీళ్లు సమపాళ్లలో కలపండి. ఈ గిన్నె ఇక వంటకు వాడకూడదు.
4. గుడ్డ ముంచి, గట్టిగా పిండండి. నీళ్లు కారుతుంటే ఎక్కువైనట్టే.
5. తల మీదుగా కప్పి, కింద అంచు నేలను తాకేలా మడతలు సర్దండి. రెండో పొర వేస్తే ఇంకా బలంగా నిలుస్తుంది.
6. ఒక రోజు కదపకండి. తర్వాత సీసాను కింద నుంచి మెల్లగా లాగేయండి. నల్ల కాగితం కళ్లు అంటించండి.

జిగురు బదులు చిక్కటి గంజి కూడా పనికొస్తుంది, గుడ్డ బిర్రుగా నిలబడుతుంది. కానీ వర్షం పడినా, మంచు కురిసినా మెత్తబడి కూలిపోతుంది, కాబట్టి గంజి దెయ్యాన్ని ఇంట్లోనే ఉంచండి. సీసా తీస్తుంటే దెయ్యం వంగిందంటే లోపలి పొర ఇంకా ఆరలేదన్నమాట. సీసా మళ్లీ పెట్టి, ఫ్యాన్ గాలికి మరో నాలుగైదు గంటలు ఉంచండి.

## 7. పాల డబ్బాలు, పొదల్లో కళ్లు, గబ్బిలాలు

పాల డబ్బా దెయ్యాలు: వేడినీళ్లు, సబ్బుతో రెండుసార్లు కడిగి మూత తీసి ఆరబెట్టండి, లేకపోతే విరిగిన పాల వాసన వదలదు. లేబుల్ జిగురు పోకపోతే వంటనూనె రాసి పది నిమిషాలు ఉంచి రుద్దండి. పిడి లేని వైపు మార్కర్‌తో ముఖం గీయండి. వెనక అడుగున రెండంగుళాల రంధ్రం కోసి, గాలికి ఎగిరిపోకుండా గుప్పెడు గులకరాళ్లు వేయండి. ఎల్‌ఈడీ తీగను ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు లాగుతూ డ్రైవ్‌వే అంచున వరుసగా పెట్టండి. తీగ నడిచే దారికి అడ్డంగా పోకూడదు.

పొదల్లో కళ్లు: టాయ్‌లెట్ రోల్ గొట్టానికి రెండు కళ్లు కోసి, లోపల గ్లో స్టిక్ (విరిస్తే వెలిగే ప్లాస్టిక్ కడ్డీ) పెట్టి పొదలో దాచండి. గ్లో స్టిక్‌ను చీకటి పడే ముందే విరవండి. మధ్యాహ్నమే విరిస్తే రాత్రికి వెలుగు తగ్గిపోతుంది.

గబ్బిలాలు: నల్ల కాగితం మడిచి సగం బొమ్మ కోయడమే. వెనక పెయింటర్స్ టేపు చాలు. అద్దె ఇంట్లో మామూలు సెలోటేప్ వాడితే రంగు ఊడి డిపాజిట్‌లో కోత పడుతుంది.

## 8. వింగ్స్: ముందు రోజు రాత్రి పని

ఇక్కడి నుంచి జిగురు, బ్లీచ్, రంపాలు అన్నీ వంటింట్లోంచి బయటికి పోవాలి. కౌంటర్ సబ్బుతో తుడిచాకే చికెన్ ప్యాకెట్ విప్పండి.

మన ఇళ్లలో కోడిని ఉప్పు, పసుపు వేసి రెండు మూడు నీళ్లు కడగనిదే పొయ్యి ఎక్కించరు. అమెరికా వ్యవసాయ శాఖ మాత్రం పచ్చి కోడిని కడగవద్దనే చెబుతుంది. నీటి తుంపర్లతో క్రిములు సింకు చుట్టూ చేరతాయి, కోడిలోవి ఉడికితేనే చస్తాయి. ఈ వంటకు నేనూ కడగవద్దనే అంటాను, ఎందుకంటే మనకు కావలసింది పొడి తోలు. కడగకపోతే మనసొప్పదనుకుంటే గిన్నెలో నిదానంగా కడిగి, తర్వాత సింకు, కుళాయి, చుట్టుపక్కలంతా క్లీన్ చేయండి.

1. మొత్తం రెక్కలు కొంటే కీలు దగ్గర కోసి డ్రమెట్ (భుజం వైపు లావుపాటి ముక్క), ఫ్లాట్ (మధ్యలోని చదునైన ముక్క) వేరు చేయండి. కొనలు సూప్‌కు దాచండి.
2. ప్రతి ముక్కనూ పేపర్ టవల్‌తో అద్దండి. ముడతల్లో నీళ్లు దాక్కుంటాయి, అక్కడ కూడా. టవల్ అంటుకోకుండా పొడిగా వచ్చేదాకా అద్దాలి.
3. పెద్ద గిన్నెలో బేకింగ్ పౌడర్, ఉప్పు, మిరియాల పొడి కలిపి ముక్కలు వేసి బాగా పట్టించండి. తెల్ల పొడి ఎక్కడా గడ్డలుగా కనిపించకూడదు.
4. ట్రేలో ఫాయిల్, దాని మీద వైర్ ర్యాక్, దాని మీద ముక్కలు ఒకదానికొకటి తగలకుండా, తోలు ఎక్కువున్న వైపు పైకి పేర్చండి.
5. మూత లేకుండా ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో రాత్రంతా ఉంచండి.

మూత పెట్టకపోవడమే కిటుకు. పొద్దున చూస్తే తోలు బిగిసి, ముట్టుకుంటే కాగితంలా పొడిగా ఉంటుంది.

అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు, కారం, పసుపు వేసి నానబెట్టాలని చేయి లాగుతుంది. ఆగండి. పెరుగు, ముద్ద తోలును తడుపుతాయి. వెల్లుల్లి, కారం అంత వేడికి మాడి చేదెక్కుతాయి. పసుపు బేకింగ్ పౌడర్‌తో కలిస్తే ఎర్ర మచ్చలు పడొచ్చు. మసాలా అంతా చివర్లోనే.

## 9. ఓవెన్‌లో రెండు దశలు

మొదటి దశ: 250 డిగ్రీలు (సెల్సియస్‌లో 120), కింది అర, 30 నిమిషాలు. ఇక్కడ ముక్క ఎర్రబడదు. తోలు కింది కొవ్వు కరిగి కారుతుంది, అంతే. పాలిపోయి కనిపిస్తే టెన్షన్ పడకండి.

మధ్యలో: ట్రే బయటికి తీసి, ర్యాక్ ఎత్తి, అడుగున చేరిన కొవ్వును జాగ్రత్తగా ఒక గిన్నెలోకి వంచేయండి. అపార్ట్‌మెంట్లలో స్మోక్ అలారం మోగేది ఈ కొవ్వు తర్వాతి దశలో కాగి పొగ రావడం వల్లే.

రెండో దశ: వేడి 425 డిగ్రీలకు (సెల్సియస్‌లో 220) పెంచి, ట్రేను పై అరలో పెట్టండి. 40 నుంచి 50 నిమిషాలు. సగంలో ట్రే ముందు వెనకలు మార్చండి.

డ్రమెట్ లావుపాటి చోట, ఎముకకు తగలకుండా థర్మామీటర్ గుచ్చండి. 165 డిగ్రీలు (సెల్సియస్‌లో 74) వస్తే తినడానికి భద్రమే. కానీ రెక్కల్లో నరాలు, జిగురు భాగం ఎక్కువ. 185 దాటాకే మాంసం ఎముకను వదులుతుంది. రెక్క సన్నదే గానీ, బ్రెస్ట్ ముక్కలా ఇట్టే ఎండిపోదు.

ఓవెన్‌లోంచి తీశాక ఐదు నిమిషాలు ర్యాక్ మీదే ఉంచండి. ప్లేట్‌లో కుప్ప పోస్తే ఆవిరికి అడుగువి మెత్తబడతాయి.

ఎయిర్ ఫ్రయర్ ఉంటే 400 డిగ్రీల (సెల్సియస్‌లో 200) దగ్గర 20 నిమిషాల పైచిలుకు, మధ్యలో ఒకసారి తిప్పాలి. ఒకే వరుసలో పేర్చాలి కాబట్టి పది మందికి ఇది నాలుగు వాయిలు. చిన్న కుటుంబానికే నయం.

## 10. సాస్‌లు రెండు

ఒక్కో కొలతా 2 పౌండ్ల వింగ్స్‌కు.

బఫలో సాస్: సగం స్టిక్ (4 టేబుల్ స్పూన్లు) వెన్న సన్నటి సెగ మీద కరిగించి, పొయ్యి ఆపి, అర కప్పు హాట్ సాస్ పోస్తూ గిలకొట్టండి. మరిగిస్తే వెన్న విడిపోతుంది. విడిపోతే ఒక చెంచా గోరువెచ్చటి నీళ్లు వేసి మళ్లీ గిలకొట్టండి.

కరివేపాకు వెల్లుల్లి కారం: 2 టేబుల్ స్పూన్ల నెయ్యి, 1 టేబుల్ స్పూను నూనె కాచి, కచ్చాపచ్చాగా దంచిన 8 వెల్లుల్లి రెబ్బలు వేయండి. అంచులు బంగారు రంగుకు తిరుగుతుండగానే రెండు రెమ్మల కరివేపాకు వేయండి. ఆకు తుడిచి పొడిగా ఉండాలి, లేకపోతే నూనె మొహం మీద చిట్లుతుంది. ఆకు చిటపట ఆగగానే పొయ్యి ఆపేయండి. అప్పుడు ఒకటిన్నర టీస్పూన్ల గుంటూరు కారం, అర టీస్పూను జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు. చివర్లో అర చెక్క నిమ్మరసం. పిల్లలకైతే అర టీస్పూను కాశ్మీరీ కారం చాలు, ఎర్రగా కనిపిస్తుంది, మండదు.

నన్నడిగితే రెండోదే బాగుంటుంది. తడి తక్కువ కాబట్టి తోలు ఎక్కువసేపు కరకరలాడుతుంది. బఫలో సాస్ పట్టించిన పది పదిహేను నిమిషాల్లో తినేయాలి, అందుకే ఒక్కో వాయికే సాస్ కలపండి.

## 11. తిననివాళ్ల ట్రే

కాలీఫ్లవర్ పూలను కార్న్‌స్టార్చ్, బియ్యప్పిండి సమంగా కలిపిన చిక్కటి పిండిలో ముంచి, నూనె రాసిన ట్రేలో 425 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు కాల్చండి. సాస్‌లు అవే.

చికెన్ కంటే ముందే కాల్చి తీసేయడం ఉత్తమం. ఒకేసారి పెట్టాల్సి వస్తే కాలీఫ్లవర్ పై అరలో ఉండాలి, దాని మీద కోడి కొవ్వు కారకూడదు. పట్టకార్లు, గిన్నెలు, సాస్ వేరువేరు. నియమం పాటించేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

## 12. అక్టోబరు 31 టైమ్‌టేబుల్

పిల్లలకు ముందు తిండి, తర్వాత కాస్ట్యూమ్. తిరగేస్తే కడుపు నిండా క్యాండీ, బట్టల నిండా సాస్.

- 1:45: కాలీఫ్లవర్ ఓవెన్‌లోకి. తర్వాత వేడి తగ్గించండి
- 2:40: పిల్లల ట్రే 250 దగ్గర
- 3:10: కొవ్వు వంచి, 425కు పెంచండి
- 4:00: సాస్, భోజనం. కాలీఫ్లవర్‌ను ఐదు నిమిషాలు మళ్లీ వేడి చేయండి
- 4:45: చేతులు, మూతులు కడిగి కాస్ట్యూమ్‌లు
- 5:30: దీపాలు, గ్లో స్టిక్‌లు, పోర్చ్ లైట్ వేయండి. చిట్టిపిల్లలు వెలుతురుండగానే వస్తారు
- 6:50: ఓవెన్ చల్లారాక పెద్దవాళ్ల ట్రే 250 దగ్గర
- 7:20: 425కు
- 8:15: పోర్చ్ లైట్ ఆపి కూర్చుని తినండి. లైట్ ఆపితే ఇక ఎవరూ బెల్ కొట్టరు

పెద్దవాళ్ల ట్రేను మధ్యాహ్నమే సగం కాల్చి పక్కన పెట్టకండి, సగం ఉడికిన కోడిలో క్రిములు పెరుగుతాయి. రెండో దశ నడుస్తుండగా ఒకరు తప్పకుండా ఇంట్లో ఉండాలి.

గుమ్మానికి వచ్చే పిల్లలకు ప్యాకెట్‌లో సీల్ చేసిన క్యాండీయే ఇవ్వండి. ఇంట్లో చేసినవి తెలియని పిల్లలకు పెట్టరు, పెట్టినా తల్లిదండ్రులు పారేస్తారు. ఒక చిన్న గుమ్మడికాయకు నెమలికంఠం రంగుకు దగ్గరగా ఉండే టీల్ రంగు వేసి గుమ్మంలో పెడితే, తినేవి కాని బహుమతులు, అంటే స్టిక్కర్లు, పెన్సిళ్లు కూడా ఉన్నాయని అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు అర్థమవుతుంది.

## 13. తేడా కొడితే

- తోలు ఎర్రబడింది కానీ సాగుతోంది: మొదటి దశ వదిలేశారు, లేదా ముక్కలు తడిగా ఉన్నాయి. 425 దగ్గర మరో పది నిమిషాలు.
- ముక్క ర్యాక్‌కు అతుక్కుంది: లాగకండి, తోలు ఊడుతుంది. రెండు నిమిషాలు ఆగి చెంచా అంచుతో కింద నుంచి లేపండి. ఇంకోసారి ర్యాక్‌కు నూనె తుడవండి.
- తెల్ల పొడి మచ్చలు, సుద్ద రుచి: బేకింగ్ పౌడర్ సరిగా కలవలేదు. గిన్నెలో వేసి ఇంకో నిమిషం కలిపితే సరిపోయేది. ఇప్పటికి నిమ్మరసం ఉన్న సాస్ పట్టించండి.
- ఉప్పెక్కువైంది: బేకింగ్ పౌడర్‌లోనూ ఉప్పదనం ఉంటుంది. సాస్‌లో ఉప్పు మానేసి వెన్న పెంచండి.
- గుమ్మడికాయలో దోమల్లాంటి చిన్న ఈగలు: పీచు మిగిలింది. మళ్లీ గీకి, బ్లీచ్ నీళ్లు కొట్టి ఆరబెట్టండి.
- పాల డబ్బాలు దొర్లిపోతున్నాయి: రాళ్లు చాలలేదు. ఇంకో గుప్పెడు వేయండి, నీళ్లు మాత్రం పోయకండి, లోపల లైట్లున్నాయి.

## 14. నవంబరు 1 పొద్దున

మిగిలిన వింగ్స్ రాత్రే ఫ్రిజ్‌లోకి వెళ్లి ఉండాలి, బయట రెండు గంటలు దాటినవి పారేయండి. మళ్లీ వేడి చేయడానికి మైక్రోవేవ్ వద్దు. ర్యాక్ మీద 375 డిగ్రీల (సెల్సియస్‌లో 190) దగ్గర పది నిమిషాలు పెడితే తోలు మళ్లీ బిగుస్తుంది.

చెక్కేటప్పుడు బ్లీచ్ తగలకముందే తీసి దాచిన గింజలుంటే ఉప్పు నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, తుడిచి పూర్తిగా ఆరబెట్టి, కొంచెం నూనెతో 325 డిగ్రీల (సెల్సియస్‌లో 160) దగ్గర 20 నిమిషాలు వేయించండి. వేడి మీదే కారం, ఉప్పు చల్లండి.

బ్లీచ్ కొట్టిన కాయను వండకూడదు, జంతువులకు వేయకూడదు. అంచుల వాజలీన్ తుడిచి, మీ ఊరి చెత్త వాళ్లు ఆకులు, కొమ్మలతో పాటు గుమ్మడికాయలు తీసుకుంటారేమో చూసి ఆ బండికి వేయండి. గుడ్డ దెయ్యాన్ని అట్టపెట్టెలో పొడి చోట దాస్తే వచ్చే ఏడాదికి పనికొస్తుంది. గంజితో చేసినదైతే దాచకండి, పురుగు పడుతుంది. వేడినీళ్లలో నానబెడితే గుడ్డ మళ్లీ గుడ్డయిపోతుంది.